అల్మారీ లేని గది

బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. జరిగింది అప్పుడు. నా చేతిలో ఉన్న కాగితం మాత్రం అది పదకొండు నలభైకి జరిగినట్టు చెబుతోంది. పోలీసు కొలువులో ముప్పై నాలుగేళ్ళు చేసి వచ్చినవాణ్ణి, ఆ అరగంట నా కంటికి తేడాగా కనబడలేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక ఆడపిల్లకు కనబడింది.

నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. అక్షరాలు నేర్చింది పదహారో ఏట. జోగిపేట దగ్గర మా ఊళ్ళో, చర్చి వరండాలో పాస్టరుగారి భార్య నేర్పింది. అప్పటిదాకా ఇటుక బట్టీ హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేవాణ్ణి. ఏడో తరగతి ప్రైవేటుగా కట్టాను. పదో తరగతి రెండోసారికి గట్టెక్కాను. కానిస్టేబులుగా చేరి, మెల్లమెల్లగా ఎక్కి, ఎస్సైగా దిగాను. ఆలస్యంగా వచ్చిన అక్షరం కాబట్టి దాన్ని చాలా భయభక్తులతో రాసేవాణ్ణి. వరుస వంకర పోదు, కొట్టివేత ఉండదు. అది చూసి మా మొదటి ఎస్సై నన్ను స్టేషన్ రైటరుగా కూర్చోబెట్టాడు. ఆ తర్వాత పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న ఏ స్టేషనుకు బదిలీ అయినా నాకంటే ముందు నా చేతిరాత పేరు అక్కడికి చేరేది. పంచనామాలన్నీ తెచ్చి నా ముందు పెట్టేవారు.

పంచనామా అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. సోదాకు వెళ్ళినప్పుడు పోలీసులు ఇద్దరు బయటి మనుషులను వెంట తీసుకుపోవాలి. వాళ్ళను పంచులు అంటారు. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎన్ని గంటలకు దొరికింది, వాళ్ళు కళ్ళారా చూడాలి. చూసినదాన్ని అక్కడే రాయాలి. రాసినదాన్ని వాళ్ళకు చదివి వినిపించాలి. సంతకం ఆ తర్వాత. చట్టం చెప్పేది ఇంతే.

మేము చేసేది వేరు. పంచులుగా రమ్మంటే ఎవరూ రారు. వస్తే రేపు కోర్టు చుట్టూ తిరగాలని భయం. అందుకని ప్రతి స్టేషనుకూ ఇద్దరు ముగ్గురు పాత మనుషులు ఉంటారు. ఎదురుగా చాయ్ హోటల్ నడిపేవాడో, అడ్డా మీది ఆటో డ్రైవరో. కాగితం ముందే రాసి పెట్టుకుంటాం. సంతకాలు చాయ్ గ్లాసుల పక్కనే అయిపోతాయి. మరి సోదాకు వెళ్ళేవాళ్ళమా అంటే, ఎక్కువసార్లు వెళ్ళాం. కొన్నిసార్లు వెళ్ళలేదు. ఎవరినో ఇరికించాలని కాదు. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర్నా, హైవే మీద లారీ బోల్తా, పెద్దమనిషి ఎవరో వస్తున్నాడని బందోబస్తు, అన్నీ ఒకే రోజు మీద పడతాయి. అలా మొదలైంది. తీరిక ఉన్న రోజు కూడా అలాగే రాయడం అలవాటైంది.

రిటైరయ్యాక రెండేళ్ళు కిష్టారెడ్డిపేటలో ఫ్లాటులో ఊరికే కూర్చున్నాను. ఆ తర్వాత ఆరు నెలలు అపార్టుమెంటు వాచ్‌మన్‌ను విచారణ చేశాను. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, రిజిస్టరు ఏది అని. ఆ వాచ్‌మన్ ఉద్యోగం మానేసేలా ఉన్నాడని కాలనీవాళ్ళు నాకు మర్యాదగా చెప్పారు. ఆ రోజుల్లోనే సంగారెడ్డి రోడ్డు మీది ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. డిగ్రీలో క్రిమినల్ జస్టిస్ అని కొత్త సబ్జెక్టు పెట్టారట, అనుభవం ఉన్నవాళ్ళు వారానికి మూడు క్లాసులు చెప్పాలట.

నేను భయపడ్డాను. దొంగలకు భయపడలేదు గానీ ఇంగ్లీషుకు భయపడ్డాను. సబ్జెక్టు చూసే మేడమ్ నాకు ధైర్యం చెప్పింది. ఆమె తండ్రి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఆ ఒడ్డు మాటే. “మాస్టారూ, మీరు చూసింది చెప్పండి చాలు. సెక్షన్లు నేను చూసుకుంటాను” అంది. నన్ను మాస్టారూ అని పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. ఆ ఒక్క పిలుపుకు పడిపోయాను.

మొదటి వారం క్లాసులు ఘోరం. హాజరు పిలుస్తుంటే నా గొంతు నాకే లాకప్ దగ్గర గొంతులా వినబడింది. ఒక అబ్బాయి ఏదో సందేహం అడిగితే “నువ్వు ఎక్కడుంటవ్? మీ నాయన ఏం చేస్తడు?” అని అడిగాను. అలవాటు. వాడు బిత్తరపోయి కూర్చున్నాడు. వెనక బెంచీలోంచి ఎవరో, సారు క్లాసులో డౌటు అడగాలంటే ముందు బెయిలు తెచ్చుకోవాలన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడినుంచి కొంచెం దారికొచ్చాను.

రెండు నెలలకు పిల్లలు నాకు అలవాటయ్యారు. అప్పుడు మేడమ్ ఒక ఆలోచన చెప్పింది. కాలేజీ క్యాంటీన్లో ఒక వస్తువు దాచి, పిల్లలతో సోదా చేయించి, పంచనామా ఎలా రాయాలో చూపించండి అంది. నాకు మహా సంతోషమైంది. ఈ ఒక్క పనిలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడని నా నమ్మకం. నా పాత చేతి గడియారం తీసుకుపోయి, క్యాంటీన్ లోపలి గదిలో, రెండో అరలో మూడో బియ్యం డబ్బాలో పెట్టి వచ్చాను. అంతకుముందు రోజే ఇంట్లో కూర్చుని పంచనామా ముత్యాల్లా రాసిపెట్టుకున్నాను. సమయం పదకొండు నలభై అని వేశాను. సోదా మొదలు, సోదా ముగింపు, డబ్బా రంగు, గడియారం గుర్తులు, సీలు వేసిన తీరు, అన్నీ.

ఆ బుధవారం క్లాసులో ఇద్దరు అబ్బాయిలను పంచులుగా నిలబెట్టాను. సోదా పద్ధతి పది నిమిషాలు చెప్పాను. తర్వాత కాగితం తీసి బల్ల మీద పెట్టి, ఇక్కడ సంతకం చేసి పోదాం పదండి అన్నాను. ఇద్దరూ చేశారు. ఒక్కడు కూడా చదవలేదు. గోడ మీద గడియారం పదకొండు పది చూపిస్తోంది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. మాట తక్కువ, రాత ఎక్కువ. ఆమె లేచి వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. నిలబడే మొత్తం చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు, నేను కూడా. చదివాక నా వైపు చూసింది.

“సార్, ఇంక పదకొండు నలభై కాలేదు. మనం క్యాంటీన్‌కు పోనేలేదు.”

క్లాసు గొల్లుమంది. సంతకం చేసిన ఇద్దరు అబ్బాయిలు కాగితంలోకి తొంగి చూసి తల గోక్కున్నారు. నేను కూడా నవ్వేసి, ఇది ప్రాక్టికల్ కదా, టైం కలిసొస్తుందని రాసుకొచ్చానన్నాను. గోడకు ఆనుకుని నిలబడిన మేడమ్ మామూలుగానే అడిగింది: “నిజం కేసుల్లో కూడా ఇలా ముందే రాసేస్తారా అండీ?”

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అంతమంది పిల్లల ముందు, అప్పుడే దొరికిపోయినవాణ్ణి, ఇంకేం చెబుతాను? చాలాసార్లు అంతే అన్నాను.

సరే, మొదలుపెట్టినది పూర్తి చేద్దామని అందరం క్యాంటీనుకు వెళ్ళాం. రెండో అర, మూడో డబ్బా. పిల్లలు మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికారు. బియ్యం తప్ప ఏమీ లేదు. వంటావిడ వచ్చి, ఆ గడియారమా, పొద్దున బియ్యం తీస్తుంటే దొరికింది, ఎవరిదో పాపం అని ఆఫీసులో ఇచ్చానంది. నా కాగితం ప్రకారం ఆ గడియారాన్ని అప్పటికి పంచుల ముందు గుడ్డసంచిలో పెట్టి సీలు వేశాం. పిల్లలు ఆ రోజంతా నవ్వుకున్నారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

క్లాసు అయ్యాక మేడమ్‌తో కలిసి వరండాలో నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి వచ్చి సంచిలోంచి ఒక కట్ట తీసింది. కోర్టు నుంచి నిందితులకు ఇచ్చే కాపీలు అవి. చూడగానే తెలుస్తుంది. తన అన్న మీద కేసు అని చెప్పింది. ఆ అన్న ఐటీఐ ఫిట్టరు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. స్టోరులో ఆరు ఇత్తడి వాల్వులు పోయాయని, అవి ఇతని గదిలో దొరికాయని కేసు. సోదాను వీడియో తీయాలన్న కొత్త చట్టాలు రాకముందుది, అందుకే వీడియో లేదు. ఇద్దరూ ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటారు. కేసు పెట్టినప్పటినుంచి ఏ ఫ్యాక్టరీ గేటు అతన్ని లోపలికి రానివ్వడం లేదు. పోలీసు వెరిఫికేషన్ అనగానే దరఖాస్తు వెనక్కి వచ్చేస్తోంది. చేతిలో పని ఉండి, రెండేళ్ళుగా గదిలో గోడ చూస్తూ కూర్చున్నాడు. శిక్ష పడితే ఇక జన్మలో ఏ గేటూ తెరుచుకోదు. ఈ అమ్మాయి ఈ సబ్జెక్టు తీసుకున్నదే అందుకట.

పంచనామా పేజీ తీసి నాకిచ్చింది. చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఇనుప అల్మారీ కింది అరలో, మడత పెట్టిన బట్టల వెనక, పాత దుప్పటిలో చుట్టి ఉండగా.’

“మా రూంల అల్మారీ లేదు సార్” అంది ఆ పిల్ల. “ఎన్నడు లేదు. బట్టలు తీగ మీద ఏస్తం. ఆ దినం నేను రూంలనే ఉన్న, ఎవ్వరు రాలే. వకీలు సార్‌కు చెప్తె, చెల్లె మాట కోర్టు నమ్మదన్నడు.”

నేను ఆ వాక్యం మళ్ళీ చదివాను. అది నాకు తెలిసిన వాక్యం. నేను రాసిన వాక్యం. చాలా ఏళ్ళ కిందట ఒక రాగి తీగ దొంగతనంలో నిజంగా ఒక ఇంటికి వెళ్ళాను, నిజంగా ఒక ఇనుప అల్మారీ తెరిచాను, కింది అరలో బట్టల వెనక పాత దుప్పటిలో మూట దొరికింది. బాగా కుదిరిందని అదే వాక్యం తర్వాత ఇంకో దాంట్లో రాశాను. ఆ తర్వాత ఇంకో దాంట్లో. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు చూసి రాసుకున్నారు. అలా ఆ అల్మారీ ఊళ్ళు తిరిగి తిరిగి ఇస్నాపూర్ గదిలోకి వచ్చింది. కింద పంచుల సంతకాలు చూశాను. ఒకటి నేను చివరగా పనిచేసిన స్టేషను ఎదుటి చాయ్ హోటల్ మనిషిది. నా పంచే.

ఆ పిల్లకు ఏం చెప్పానో గుర్తు లేదు. రేపు మాట్లాడదాం బిడ్డా అని ఉంటాను. ఆమె వెళ్ళాక మేడమ్ అక్కడే నిలబడింది.

“ఇలాంటివి మీరెన్ని రాసుంటారు మాస్టారూ?”

“లెక్క తెల్వదమ్మా.”

“వాటి మీద ఎవరైనా జైలుకు వెళ్ళారా?”

“పోయిన్రు.”

ఆమె తిట్టినా బాగుండేది. నా బ్యాగు తీసి చేతికిచ్చి, భోజనం చేశారా అని అడిగింది.

ఆ కేసు పెట్టిన ఎస్సై నాకు తెలిసినవాడు. పరీక్ష రాసి నేరుగా ఎస్సై అయినవాడు, ట్రైనింగులో నా పక్కన కూర్చుని కాగితాలు నేర్చుకున్నాడు. మంచివాడు. లాఠీ ఎత్తడానికి సిగ్గుపడేవాడు. నేను రిటైరైన రోజున, మాదిరి పంచనామాలు రాసుకున్న నా నోట్‌బుక్కు అతనికే ఇచ్చాను, ఆస్తి రాసిచ్చినట్టు. మర్నాడు మధ్యాహ్నం స్టేషనుకు వెళ్ళాను. లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. వద్దని స్టూలు మీద కూర్చుని, ఆ గదికి పోయావా అని సూటిగా అడిగాను.

దాచలేదు. ఫ్యాక్టరీ సెక్యూరిటీవాళ్ళే వాల్వులనూ ఆ పిల్లగాడినీ కలిపి స్టేషనుకు తెచ్చారట. వాల్వులు కాంపౌండు గోడ అవతల పొదల్లో దొరికాయట. ఆ షిఫ్టులో స్టోరు వైపు తిరిగినవాడు ఇతనే కాబట్టి ఇతని మీదే అనుమానమట. పొదల్లో దొరికిన వస్తువుకు మనిషితో లంకె లేదు. లంకె కావాలి కాబట్టి గది రాశాడు. ఆ రోజు జాతర బందోబస్తుకు సగం స్టేషను పోయింది, గదికి వెళ్ళే తీరిక లేదు.

“మీ నోట్‌బుక్కు చూసే రాసిన సార్. మీరు నేర్పిందే చేసిన.”

అతను ఎగతాళిగా అనలేదు. ఫిర్యాదుగా కూడా అనలేదు. ఉన్నమాట చెప్పాడు.

నేను చేయబోయేది చెప్పాను. చాయ్ హోటల్ మనిషికి కోర్టు సమన్లు ఎలాగూ వస్తాయి. ఆయన సంతకం పెట్టిన కాగితం ఆయనకు చదివి వినిపిస్తాను. ఏం చెప్పాలో చెప్పను. వినిపించి వచ్చేస్తాను. చాటుగా కాదు, నీకు చెప్పే పోతున్నానన్నాను.

అతను చాలాసేపు టేబులు మీద పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

“మీరు రిటైర్ అయిన్రు సార్. నేనింక ఇరవై ఏండ్లు చెయ్యాలె. నాకు చిన్న పిల్లలున్నరు.”

“తెలుసు తమ్మీ.”

“తెలిసి కూడ పోతరా?”

“నా దగ్గర నేర్చుకున్నోడివి గనకనే నీ దగ్గరికి ముందు వచ్చిన. లేకుంటే సక్కగ హోటల్‌కే పోతుంటి.”

అతను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. వద్దనలేదు, సరేననలేదు. బయటికి వస్తుంటే ఎప్పటిలాగే గేటు దాకా వచ్చాడు. అది నాకు ఇంకా కష్టమైంది.

చాయ్ హోటల్ స్టేషనుకు ఎదురుగానే ఉంది. దాని యజమాని నా ఈడువాడే. ఆ స్టేషనులో చేసినన్నాళ్ళూ అతన్ని “ఏయ్ చాయ్” అని పిలిచాను. ఆ రోజు ఏమని పిలవాలో తోచక బెంచీ మీద కూర్చుని “అన్నా” అన్నాను. అతను చుట్టూ చూశాడు, ఇంకెవరినో పిలుస్తున్నానని.

ఆ అమ్మాయి ఇచ్చిన పంచనామా కాపీ అతని చేతికిచ్చాను. చదువు రానివాడు కాగితం పట్టుకుంటే ముందు దాని పొడవు చూస్తాడు. పైనుంచి కిందికి ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి. పదహారేళ్ళు నేను చూసింది అలాగే. ఇతనికి సంతకం వచ్చు, అంతవరకే. ఆ సంతకం చూసే ఇతనికి చదువు వచ్చని నేను ఎప్పుడూ అడగకుండానే సరిపెట్టుకున్నాను. ప్రతి పంచనామా చివర ‘చదివి వినిపించగా నిజమని ఒప్పుకొని సంతకం చేశారు’ అని రాశాను. నా చేతితో, ముత్యాల్లా. ఎన్నడూ చదివి వినిపించలేదు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి చదివాను. స్టవ్వు తగ్గించి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని విన్నాడు. చదవడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. మధ్యలో ఇద్దరు గిరాకీ వస్తే ఆగమన్నాడు. ఇస్నాపూర్, గల్లీ, రేకుల గది, ఇనుప అల్మారీ, దుప్పటి, ఆరు వాల్వులు. అయిపోయాక తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“గిదంత నేను జూసిన్నని ఉన్నదా సారు?”

“ఉన్నదన్నా.”

“ఇస్నాపూర్‌ల ఆ గల్లీ యాడుంటదో నాకు ఎర్కనే లేదు.” తర్వాత నెమ్మదిగా అడిగాడు. “ఇంతకుముందు పెట్టినయన్ని గిట్లనేనా?”

తల ఊపాను. నా మీద అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. ఒక గ్లాసు కడిగి చాయ్ పోసి నా ముందు పెట్టాడు. కోర్టులో ఏం చెప్పాలని అడిగాడు. నేను చెప్పకూడదన్నాను. చూసింది చూసినట్టు చెప్పమని అడుగుతారు, అంతే. తనకేమవుతుందన్నాడు. కోప్పడతారు, సంతకం ఎందుకు పెట్టావని పదిసార్లు అడుగుతారు, ఆ రోజు నేను అక్కడ ఉంటానన్నాను. “నువ్వుంటే ఏంది, లేకుంటే ఏంది సారు” అన్నాడు. నిజమే. అయినా వెళ్ళాను.

ఆ మరుసటి క్లాసులో ఆ అల్మారీ వాక్యం బోర్డు మీద రాశాను. కేసు గురించి చెప్పలేదు, ఆ పిల్ల గురించి చెప్పలేదు. ఇది నేను రాసిన వాక్యం, మొదటిసారి నిజం, ఆ తర్వాత ఎన్నిసార్లు అబద్ధమో నాకు తెలియదు అని చెప్పాను. వెనక బెంచీవాళ్ళు ఆ రోజు జోకులు వేయలేదు.

కోర్టు వాయిదా రెండు నెలలకు వచ్చింది. చాయ్ హోటల్ మనిషి బోనెక్కాడు. సంతకం నీదేనా అంటే నాదే అన్నాడు. ఎక్కడ పెట్టావంటే హోటల్‌లో అన్నాడు. ప్రభుత్వం తరఫు వకీలు ఆయన్ను తిప్పలు పెట్టాడు. నిందితుడి దగ్గర ఏం తీసుకుని మాట మార్చావన్నాడు. ఆ మాటకు కూడా అతని జవాబు మారలేదు. రెండో సంతకం పెట్టిన ఆటో డ్రైవరు ఊరు విడిచి ఎటో పోయాడు, దొరకలేదు. తర్వాత ఎస్సై వంతు. కావాలనుకుంటే అతను ఒక్క మాటతో నిలబెట్టుకోవచ్చు. పంచు భయపడి మాట మార్చాడు, నేను మాత్రం వెళ్ళాను అనొచ్చు. ఆ మాట నేను ఎన్ని బోనుల్లో నిలబడి ఎన్నిసార్లు అన్నానో. మేజిస్ట్రేటు కూడా రాయడానికి సిద్ధంగా ఉంది.

నిందితుడి వకీలు అడిగాడు: “ఆ గదిలో అల్మారీ మీరు చూశారా?”

ఎస్సై నా వైపు చూడలేదు. ఆ పిల్లగాడి వైపు చూశాడు.

“లేదు. నేను గదికి పోలేదు.”

మేజిస్ట్రేటు మళ్ళీ అడిగి, అదే జవాబు విని, రాసుకుంది.

కేసు కొట్టేశారు. ఎస్సైకి మెమో వచ్చింది, విచారణ జరిగింది, స్టేషను నుంచి తీసి జిల్లా ఆఫీసులో ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. ఆ విచారణకు నేను కూడా వెళ్ళి, నేర్పింది నేనేనని రాసిచ్చాను. రిటైరైనవాడి కాగితం ఎవరికి కావాలి? తీసుకుని ఫైల్లో పెట్టారు. చాలా రోజులు అతను నా ఫోను ఎత్తలేదు. ఒకసారి అతనే చేసి, ఎలా ఉన్నారు సార్ అని అడిగి, పిల్లల జ్వరం గురించి కాసేపు మాట్లాడి పెట్టేశాడు. ఆ నోట్‌బుక్కు ఆ తర్వాత పోస్టులో వచ్చింది, వెంట ఒక్క ముక్క ఉత్తరం కూడా లేకుండా. ఇప్పుడు నా క్లాసులో అదే పుస్తకం. పిల్లలు ఒక్కో పంచనామా తీసుకుని, ఇది రాసినవాడు ఏది చూసి రాశాడు, ఏది చూడకుండా రాశాడు అని తేల్చి, చూడనివాటి కింద పెన్సిలుతో గీతలు పెడతారు. కొన్ని పేజీల్లో గీత లేని వరుస ఉండదు. చూడటం నాకు కష్టమే. చూస్తాను.

ఆ పిల్లగాడు వాల్వులు తీశాడా లేదా? నన్ను చాలామంది అడిగారు, మా ఇంట్లో కూడా అడిగారు. నాకు తెలియదు. చెల్లెలు తీయలేదంటుంది. ఆ రోజు ఎవరైనా ఆ పొదల దగ్గరకు, ఆ గదికి, నిజంగా పోయి చూసి ఉంటే తెలిసేది. తీసి ఉంటే పట్టుబడేవాడు, తీయకుంటే రెండేళ్ళు గోడ చూస్తూ కూర్చునేవాడు కాదు. చూడకుండా రాసిన కాగితం రెండు దారులనూ మూసేసింది. కాలేజీలో చేరే పిల్లల్లో సగంమంది పోలీసు పరీక్షలు రాస్తున్నారు, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. తీరిక లేకుంటే రేపు రాయండి. రాయలేకపోతే తిట్లు తినండి. చూడనిది రాయకండి.

ఆ అబ్బాయికి పాత ఫ్యాక్టరీ గేటు తెరుచుకోలేదు. ఇంకో యూనిట్లో, కోర్టు తీర్పు కాపీ చూపించాక, మూడు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. మొన్న గేటు పాస్ చేతికొచ్చిందని చెల్లెలు చెప్పింది. నాకు చూపించడానికి దాని ఫోటో తెచ్చింది. ఫోటోలో మనిషి బిగుసుకుని ఉన్నాడు, మెడ గుండీ దాకా పెట్టుకుని.

పేర్లు రాయనని ముందే అనుకున్నాను, రాయలేదు. కానీ ఆ రోజు కోర్టు హాల్లో ఎవరెవరు ఉన్నారో రాసి పెడతాను. మేజిస్ట్రేటు. గుమాస్తా. ప్రభుత్వం తరఫు వకీలు, అతని ఫైళ్ళు మోసే కోర్టు కానిస్టేబులు. నిందితుడి తరఫు వకీలు, పొద్దుటినుంచి ఏమీ తినకుండా వచ్చినవాడు. చాయ్ హోటల్ మనిషి, అతనికి భయమని వెంట వచ్చిన అతని భార్య. మా మేడమ్, క్లాసు మానుకుని. ఎస్సై, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో. ముందు బెంచీ అమ్మాయి, ఒళ్ళో పుస్తకం, ఒక్క ముక్క కూడా రాసుకోకుండా. బోనులో ఆమె అన్న. చివరి బెంచీలో నేను. ఫ్యాక్టరీ నుంచి వస్తామన్నవాళ్ళు రాలేదు. ఇంకెవరూ లేరు.